సాంబానా, ఎన్‌ఎఫ్‌ఎస్సా: రాస్ప్‌బెర్రీ పైకి ఏది మేలు?

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద డెస్క్‌టాప్ లేని లినక్స్ వేసి, హార్డ్‌డిస్క్ తగిలించినవాళ్లంతా అడిగే ప్రశ్న ఇది: ఆ డిస్క్‌లోని ఫైళ్లని ఇంట్లో మిగతా పరికరాలకు నెట్‌వర్క్ మీద అందించడానికి సాంబా, ఎన్‌ఎఫ్‌ఎస్ అనే రెండు పద్ధతుల్లో ఏది వెయ్యాలి? అడిగేది మాత్రం ఎక్కువగా వేగం గురించే. పై 3బీ ఈథర్‌నెట్ 100 మెగాబిట్లే కాబట్టి ఏది వేసినా సెకనుకు 11 మెగాబైట్ల దగ్గర ఆగిపోతుంది. గిగాబిట్ ఉన్న పై 4లో, చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే ఎన్‌ఎఫ్‌ఎస్ ముందుంటుంది. సినిమా చూడ్డానికి ఆ తేడా ఎవరికీ తెలియదు.

అసలు చూడాల్సింది, వచ్చిందెవరో సర్వర్ ఎలా గుర్తుపడుతుందన్నది.

మామూలు అమరికలో ఎన్‌ఎఫ్‌ఎస్ పాస్‌వర్డ్ అడగదు. ఐపీ అడ్రస్ చూసి రానిస్తుంది, అవతలి కంప్యూటర్ చెప్పిన యూజర్ నంబరు నమ్మేస్తుంది. ల్యాప్‌టాప్‌లో మీ నంబరు 1000, పైలో 1001 అయితే ఫైళ్లు కనిపిస్తాయి గానీ రాయబోతే 'పర్మిషన్ డినైడ్'. వెంటనే అన్నిటికీ 777 (అందరికీ అన్ని హక్కులూ) కొట్టేస్తారు. దానికి మందు అది కాదు, రెండువైపులా నంబరు కలపాలి. ఇంకొకటి: ఎవరిని రానివ్వాలో ఎన్‌ఎఫ్‌ఎస్‌కి చెప్పే ఎక్స్‌పోర్ట్స్ ఫైల్లో అడ్రస్‌కీ, హక్కులు రాసే బ్రాకెట్‌కీ మధ్య ఒక్క ఖాళీ పడిందా, రాసే హక్కు మీ నెట్‌వర్క్‌కి కాక ఊరందరికీ పోతుంది.

సాంబా పేరూ పాస్‌వర్డూ అడుగుతుంది. లినక్స్ పాస్‌వర్డ్ ఇక్కడ చెల్లదు, ఎస్‌ఎంబీపాస్‌డబ్ల్యూడీ ఆదేశంతో వేరేగా పెట్టాలి. లాగిన్ కావట్లేదంటే ముందు చూడాల్సింది అదే. పాస్‌వర్డ్ బాధెందుకని గెస్ట్ షేర్ (పాస్‌వర్డ్ లేకుండా ఎవరైనా తెరిచేది) పెడితే విండోస్ 11 ప్రో 24హెచ్2 దాన్ని తిప్పికొడుతుంది. విండోస్ నెట్‌వర్క్ జాబితాలో పై కనబడకపోతే పైని విండోస్‌కి కనబడేలా చేసే డబ్ల్యూఎస్‌డీడీ అనే చిన్న ప్రోగ్రాం వెయ్యండి, లేదా అడ్రస్ నేరుగా కొట్టండి. పాత టీవీలకు ఎస్‌ఎంబీ1 (సాంబా మాట్లాడే భాషకి పాత, భద్రత తక్కువైన రూపం) కావాలి, సాంబా 4.11 నుంచి అది ఆపేసి ఉంటుంది. టీవీ కోసం దాన్ని తిరిగి తెరవొద్దు, టీవీలకు వీడియోలు అందించే మినీడీఎల్‌ఎన్‌ఏ ప్రోగ్రాం చాలు.

ఇంట్లో ఒక్క విండోసో, ఫోనో ఉన్నా నా ఓటు సాంబాకే. రెండు చివరలా లినక్సే అయితే ఎన్‌ఎఫ్‌ఎస్ హాయి. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ మీదే ఫోల్డర్ తెరిచే ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్ అప్పుడప్పుడూ నాలుగు ఫైళ్లు తెచ్చుకోవడానికి బాగుంటుంది, అంతే.

ఏది వేసినా డిస్క్‌ని లినక్స్ ఫార్మాట్ ఎక్స్‌టీ4లో ఫార్మాట్ చేసి, బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్క్ ఏ ఫోల్డర్‌లో ఎక్కాలో (మౌంట్ కావాలో) చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో 'నోఫెయిల్' పెట్టండి, డిస్క్ లేకపోయినా పై బూట్ అవుతుంది. దానితో ఒక చిక్కుంది: డిస్క్ ఎక్కని రోజు ఫైళ్లన్నీ మౌనంగా ఎస్‌డీ కార్డులో పడి అది నిండిపోతుంది. అందుకే మౌంట్ చేయకముందే ఖాళీ ఫోల్డర్‌కి చాట్టర్ ప్లస్ ఐ (అందులో ఎవరూ ఏమీ రాయకుండా తాళం వేసే ఆదేశం) కొట్టి ఉంచండి. అప్పుడు డిస్క్ లేకపోతే కాపీయే మొదలవదు.