మారేడుమిల్లి క్యాంపులో 24 మందికి రెండే బాత్రూంలు

మే నెల రెండో వారంలో మా అపార్ట్‌మెంట్ నుంచి ఆరు కుటుంబాలు, పెద్దవాళ్ళు 13, పిల్లలు 11, మారేడుమిల్లి దగ్గర ఒక ప్రైవేటు సమ్మర్ క్యాంపుకి వెళ్ళొచ్చాం. రెండు రాత్రులు మూడు రోజులు, తిండితో కలిపి పెద్దలకి 2,800, పిల్లలకి 2,200. మొత్తం 60,600 ముందే కట్టించుకున్నారు. పిల్లల్ని తీసుకుని ఇలాంటి చోటికి వెళ్దామనుకునేవాళ్ళు ఇది చదివాక డబ్బులు కట్టండి.

ప్రయాణం హాయిగానే జరిగింది. రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లారేసరికి రాజమండ్రిలో దిగాం, అక్కణ్ణుంచి 85 కిలోమీటర్ల దాకా ఉంటుంది, 17 సీట్ల టెంపో ఒకటి, ఇన్నోవా ఒకటి మాట్లాడుకున్నాం, రెండూ కలిపి మూడు రోజులకి 31,000. రంపచోడవరం వచ్చేసరికి మా మావయ్యగారు పిల్లలకి అల్లూరి గురించీ 1922లో మొదలైన రంపా తిరుగుబాటు గురించీ చెప్తూ ఉన్నారు, అందరూ మంచి హుషారు మీద ఉన్నారు.

క్యాంపులో దిగిన అరగంటకే ఆ హుషారు పోయింది. ఫోన్లో చెప్పింది ఎనిమిది టెంట్లు, టెంటుకి ముగ్గురు, ఆరు బాత్రూంలు, 24 గంటలూ నీళ్ళు. అక్కడ ఉన్నవి ఐదు టెంట్లు, ఒక పాక, రెండు బాత్రూంలు. పరుపులు తడి వాసన కొడుతున్నాయి, దోమతెరలు అడిగితే కాయిల్స్ చేతిలో పెట్టారు. అది మన్యం, మలేరియా ఉండే ప్రాంతం, చిన్న పిల్లలున్న గుంపుకి దోమతెర ఇవ్వకపోవడం మామూలు తప్పు కాదండీ.

బాత్రూంల సంగతి వివరంగా చెప్పాలి. టెంట్ల దగ్గర్నుంచి దాదాపు 150 అడుగులు నడవాలి, దారిలో ఒక్క లైటు లేదు. ఒకదానికి గడియ ఊడిపోయింది, ఆ కన్నంలోంచి బైండింగ్ వైరు దూర్చి లోపల మేకుకి చుట్టుకోవాలి, మా పాప వేలు గీసుకుపోయింది. రెండూ ఇండియన్ టాయిలెట్లే, మా అత్తయ్యగారికి 64 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, ఆవిడ లేవలేక గోడ పట్టుకుని నన్ను కేకేశారు. ఆ రాత్రి నుంచి మళ్ళీ లేవాల్సొస్తుందని మంచినీళ్ళు తాగడం మానేశారు, మే ఎండల్లో, ఆ వయసులో. ఆడపిల్లలు రాత్రి వెళ్ళాలంటే ఇద్దరు తల్లులు టార్చి పట్టుకుని బయట నిలబడ్డాం.

ఇక నీళ్ళు. వంటకీ స్నానాలకీ బాత్రూంలకీ కలిపి ఒకటే వెయ్యి లీటర్ల ట్యాంకు. లెక్కేస్తే మనిషికి 42 లీటర్లు కూడా రావు. కరెంటు ఉంటేనే మోటారు, కరెంటేమో రాత్రి పదింటికి పోయి పొద్దున తొమ్మిదికి వచ్చింది, ఏడింటికే ట్యాంకు ఖాళీ. జనరేటర్ వెయ్యమంటే డీజిల్‌కి 1,500 వేరే ఇవ్వాలన్నాడు మేనేజరు. మా ఆయన ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడరు, ఆ రోజు అరిచేశారు. దానికి అతను "సార్, ఇది రస్టిక్ క్యాంపండి, అడివంటే ఇలాగే ఉంటుంది" అన్నాడు.

ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడట్లేదు. మేము ఏసీ అడగలేదు, సిగ్నల్ రాదని తెలిసే వెళ్ళాం, చాప మీద పడుకోమంటే సంతోషంగా పడుకుంటాం, చిన్నప్పుడు అమ్మమ్మ గారింట్లో వేసవి సెలవులంతా అలాగే పడుకున్నాం కదా. నీళ్ళూ గడియా లైటూ లేకపోవడానికీ అడివికీ సంబంధం ఏంటి? అడివి పేరు చెప్పి చెయ్యాల్సిన పని ఎగ్గొట్టడం అది.

అడివిలో ఎలా బతకాలో మాకు చూపించింది అక్కడ వంట చేసే అక్క. కొండరెడ్ల తెగ ఆవిడ, యాభై ఏళ్ళుంటాయి, వాళ్ళు మాట్లాడేది తెలుగే, యాస మాత్రం వేరు. నీళ్ళు లేవని పిల్లలు గోల పెడుతుంటే "రండ్రా" అని వాగు దగ్గరికి తీసుకెళ్ళింది. ఎండలకి వాగు సన్నగా పారుతోంది, పైన ఆకులు కుళ్ళి ఉన్నాయి. ఆ నీళ్ళని ముట్టుకోనివ్వకుండా పక్కన ఇసకలో మోచెయ్యంత లోతు తవ్వించింది. ముందు బురద నీళ్ళు ఊరాయి, కొబ్బరి చిప్పతో తోడి పారబోయించింది, అలా మూడు నాలుగు సార్లు. నెమ్మదిగా అడుగున ఇసక రేణువులు కదులుతూ కనపడేంత తేటగా ఊరాయి. చెలమ అన్న మాట పుస్తకంలో చదివిన పిల్లలు చెలమని చూడటం అదే మొదటిసారి. ఆ నీళ్ళు బిందెల్తో తెచ్చి, మరగబెట్టి, చల్లార్చి ఇచ్చింది, ఆవిడ మాట మీద మా అత్తయ్యగారు మళ్ళీ నీళ్ళు తాగారు.

ఆ సాయంత్రం బొంగులో చికెన్ కూడా ఆవిడే చేసింది. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద తిప్పుతూ ముప్పావుగంట కాల్చింది, చుక్క నూనె లేదు. అడ్డాకు విస్తట్లో వేడన్నం మీద వంచితే వచ్చిన ఆ రసం రుచి, మర్నాడు రోడ్డు పక్కన కిలో 600 పెట్టి కొన్నదానికి రాలేదు. ఆవిడ కూలి రోజుకి 350 అట. మేము కట్టిన 60,600లోంచి!

అమృతధార, జలతరంగిణి జలపాతాలు చూశాం, మేలో నీళ్ళు తక్కువ, వానలు పడ్డాక వెళ్ళండి. బస కావాలంటే ముందు అటవీశాఖ ఆధ్వర్యంలో వన సంరక్షణ సమితులు నడిపే కమ్యూనిటీ ఎకోటూరిజం చోట్లు వాకబు చెయ్యండి. ప్రైవేటు క్యాంపయితే బాత్రూంలు ఎన్ని, ట్యాంకు ఎంత, కరెంటు పోతే ఏం చేస్తారు, ఈ మూడూ రాతపూర్వకంగా తెప్పించుకోండి, ఫోటోలు కాదు ఆ రోజు తీసిన వీడియో పంపమనండి, సగానికి మించి అడ్వాన్సు ఇవ్వకండి.

వచ్చేటప్పుడు అందరం కలిసి అక్కకి 3,000 ఇచ్చాం. మేము వారం రోజులు ఫోన్లు చేశాక క్యాంపు వాళ్ళు 4,000 వెనక్కి వేశారు. మిగతా డబ్బు కోసం వినియోగదారుల కమిషన్‌లో కేసు వెయ్యడానికి బాత్రూం గడియ ఫోటోలూ బిల్లులూ అన్నీ ఒక ఫైల్లో పెట్టాను.