వాషింగ్టన్‌లో రెండు రాత్రులు: దోచుకున్న హోటలు, మనసు నింపిన ఎంబసీ

వాషింగ్టన్ వెళ్ళేవాళ్ళకి ముందు డబ్బు సంగతి చెప్పాలి. ఏడాది దాటినా నాకు ఆ మంట చల్లారలేదు.

రాత్రికి 139 డాలర్లు అని ఆన్‌లైన్‌లో చూసి మా అమ్మాయి రెండు రాత్రులకి గది తీసుకుంది. రెండు పెద్ద మంచాలు, నలుగురికి సరిపోతుంది. 278 డాలర్లు, పన్ను ఇంకో నలభై అయిదు అనుకున్నాం. ఆదివారం పొద్దున తలుపు కిందనుంచి లోపలికి తోసిన బిల్లు 513 డాలర్ల 39 సెంట్లు. మన డబ్బులో 43 వేలు.

ఎలా పెరిగిందో వినండి. సదుపాయాల రుసుమట, రోజుకి 34 డాలర్ల 95 సెంట్లు. ఆ సదుపాయాలేమిటని అడిగితే వైఫై, జిమ్ము, రెండు మంచినీళ్ళ సీసాలు, ఊళ్ళో ఫోన్లు చేసుకునే వీలు. నలుగురి చేతుల్లోనూ సెల్‌ఫోన్లు ఉంటే ఆ గదిలో ఫోను ఎవరికి కావాలి? కారు పెట్టుకున్నందుకు రాత్రికి 55 డాలర్లు. 15.95 శాతం పన్ను గది మీదే కాదు, ఆ రుసుము మీద కూడా వేశారు. ఇవి కాక దిగిన రోజే రాత్రికి 100 చొప్పున కార్డు మీద అట్టిపెట్టారు, అది తరవాత వదిలారు. ‘టిఫిన్ దొరుకును’ అన్నమాటని మేం ఉచితం అనుకున్నాం. దొరకడం నిజమే, మనిషికి 24 డాలర్లు. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి అమ్మాయి కలిపి తెచ్చిన పులిహోర రెండు పూటలు ఆదుకుంది. గదిలో ఏసీ రాత్రంతా పిండిమరలా మోగింది. స్నానం చేస్తే నీళ్ళు పాదాల దాకా నిలిచిపోయాయి.

అమ్మాయి కిందికి వెళ్ళి అడిగితే కౌంటర్లో కుర్రాడు స్క్రీన్ మీంచి కళ్ళెత్తకుండానే, బుక్ చేసినప్పుడు షరతులకి ఒప్పుకున్నారు కదా అన్నాడు. నేను హైస్కూల్లో 31 ఏళ్ళు సోషల్ పాఠాలు చెప్పినవాణ్ణి. ఎదురుగా నిలబడ్డ మనిషి ముఖం చూడకుండా జవాబు చెప్పడం ఏ దేశంలోనైనా అమర్యాదే. “పోనీండి మావయ్యగారూ, ట్రాఫిక్ పెరిగిపోతుంది” అని అల్లుడు తొందరపెడుతున్నాడు. మా ఆవిడ సోఫాలో కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు, అంటే కోపం నెత్తికెక్కిందన్నమాట. అమ్మాయి మాత్రం వదల్లేదు. మూడోసారి అడిగాక మేనేజరు వచ్చి ఒక రోజు రుసుము వెనక్కిస్తానన్నాడు. పన్నుతో కలిపి 40 డాలర్ల 52 సెంట్లు, పదకొండు రోజులకి కార్డులో పడ్డాయి. అడిగితేనే ఇస్తారు, అందుకని అడగండి.

ఇది 2024 మే నెల మాట. ఆ మరుసటి ఏడాది మే 12 నుంచి వినియోగదారుల హక్కులు చూసే అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ఒకటి అమలులోకి వచ్చింది. ఇలా తప్పనిసరిగా వేసే రుసుములన్నీ కలిపిన ధరనే హోటళ్ళు మొదట చూపించాలి. ప్రభుత్వ పన్నులు, పార్కింగ్ మాత్రం ఇప్పటికీ విడిగా ఉండొచ్చు. ఆ రెండూ ఫోన్ చేసి అడిగాకే కార్డు నంబరు ఇవ్వండి.

ఇంత జరిగినా ఆ ప్రయాణం తలచుకుంటే నాకు సంతోషమే ముందు గుర్తొస్తుంది. దానికి కారణం పదహారో వీధిలో 2622 నంబరు ఇల్లు.

ఏటా మే నెల రెండో శనివారం వాషింగ్టన్‌లోని యూరోపియన్ యూనియన్ దేశాల ఎంబసీలు పొద్దున పదింటి నుంచి నాలుగింటి దాకా జనానికి తలుపులు తెరుస్తాయి. టికెట్ లేదు, వరసలో నిలబడితే చాలు. ఆ ఏడు అది మే 11న పడింది. శుక్రవారం మధ్యాహ్నానికి చేరి లింకన్ మెమోరియల్, వైట్‌హౌస్, ఒక మ్యూజియం చూసేశాం. టోల్‌గేట్లకి 27 డాలర్లు అయ్యాయి. శనివారం ఎక్కడికి అన్న దగ్గర ఇంట్లో గొడవ మొదలైంది. అల్లుడు ఫ్రాన్స్, జర్మనీ ఎంబసీలన్నాడు. నేను లిథువేనియా అన్నాను. “ఆ దేశం పేరు వినడం ఇదే మొదటిసారి మావయ్యగారూ” అన్నాడు. మోకాళ్ళ నొప్పులతో మా ఆవిడ ఏ ఎంబసీకీ రానంది. చివరికి అందరం లిథువేనియాకే బయల్దేరాం.

నా పట్టుదలకి కారణముంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో క్లాసులో గోడకి తగిలించే ప్రపంచ పటంలో సోవియట్ యూనియన్ అంతా ఒకటే రంగు. బాల్టిక్ సముద్రం పక్కన లిథువేనియా, లాట్వియా, ఎస్టోనియా ఆ రంగులోనే కలిసిపోయి ఉండేవి. పిల్లలకి నేనూ అలాగే చెప్పాను. అదే కాలంలో అమెరికా ప్రభుత్వం తన పటాల మీద, ఈ మూడింటినీ సోవియట్‌లో కలపడాన్ని తాము గుర్తించలేదని ఒక ముక్క అచ్చువేసేదని రిటైరయ్యాక చదివాను. ఆ గుర్తించకపోవడం యాభై ఏళ్ళు ఒక ఇంట్లో కాపురముందని కూడా అప్పుడే తెలిసింది. ఆ ఇల్లు కళ్ళారా చూడాలనిపించింది.

వారాంతాల్లో మెట్రో రైలు ఎంత దూరమైనా అప్పట్లో 2 డాలర్లే. కొలంబియా హైట్స్ స్టేషన్‌లో దిగి పదిహేను నిమిషాలు నడిచాం. కారు హోటల్లోనే వదిలేశాం, అది మంచిదైంది. ఆ వీధిలో కారు పెట్టడానికి చోటు దొరకదు.

మెరిడియన్ హిల్ పార్కు దాటి కొంచెం పైకి వెళితే రోడ్డుకి పడమటి పక్కన మూడు ఎంబసీలు వరసన ఉన్నాయి. 2622 లిథువేనియా, 2630 క్యూబా, 2640 పోలండ్. ఈ వీధిని దౌత్యవేత్తల పేటగా మార్చాలని మేరీ ఫూట్ హెండర్సన్ అనే శ్రీమంతురాలు పట్టుబట్టి భవనాలు కట్టించింది. 2622 ఇంటిని ఆమె కోసం జార్జ్ ఓక్లీ టాటెన్ అనే ఆర్కిటెక్ట్ 1909లో ఇటలీ భవనాల తరహాలో కట్టాడు. పోలండ్ ఇల్లూ ఆయన చేతిదే.

ఆ మూడు ఇళ్ళ ముందు నిలబడి మావాళ్ళకి నేను చెప్పిన కథ ఇది. 1940 జూన్ 15న ఎర్రసైన్యం లిథువేనియాలోకి వచ్చింది. ఆగస్టు 3 కల్లా ఆ దేశాన్ని సోవియట్‌లో కలిపేసుకున్నారు. లిథువేనియా 1924లో కొనుక్కున్న ఈ ఇంట్లో అప్పుడు రాయబారి పొవిలాస్ జాదేకిస్. ఆ రోజుల్లో చిన్న దేశాల కార్యాలయాన్ని లెగేషన్ అనేవాళ్ళు, ఎంబసీ కంటే ఒక మెట్టు కింద. ఇల్లు అప్పగించమని సోవియట్ వాళ్ళు అడిగారు, ఆయన ఇవ్వనన్నాడు. జులై 23న అమెరికా తరఫున తాత్కాలిక విదేశాంగ మంత్రి సమ్నర్ వెల్స్ ఒక ప్రకటన చేశాడు, ఈ బలవంతపు విలీనాన్ని ఒప్పుకోమని. అంతే, ఊళ్ళో ప్రభుత్వం లేదు, పంపడానికి టపా లేదు, రావడానికి ఆజ్ఞ లేదు, లెగేషన్ మాత్రం ఉంది. అమెరికా విదేశాంగ శాఖ అచ్చువేసే దౌత్యవేత్తల జాబితాలో వాళ్ళ పేర్లు వస్తూనే ఉన్నాయి.

పక్కనున్న క్యూబా ఇంటిది దీనికి తిరగబడిన కథ. 1961 జనవరిలో అమెరికా క్యూబాతో తెగతెంపులు చేసుకుంది. ఆ ఇల్లు మళ్ళీ ఎంబసీ అయింది 2015 జులై 20న. 1977 నుంచి మాత్రం మొదట చెకొస్లొవేకియా, 1991 నుంచి స్విట్జర్లాండ్ పేరు మీద చిన్న కార్యాలయం నడిచింది. ఒక ఇంట్లో దేశం పోయి లెగేషన్ మిగిలింది, పక్కింట్లో దేశం ఉంది, ఎంబసీ పోయింది. ఆ పై ఇంటిది ఇంకా బాధాకరమైన సంగతి. ప్రవాసంలో ఉన్న పోలండ్ ప్రభుత్వానికి 1945 జులైలో అమెరికా గుర్తింపు తీసేసి వార్సాలో కమ్యూనిస్టుల చేతిలో ఉన్న ప్రభుత్వానికి ఇచ్చింది. యుద్ధంలో అమెరికా పక్కన నిలిచిన పోలండ్ వాళ్ళు ఆ ఇంట్లోంచి బయటికి నడవాల్సి వచ్చింది. లిథువేనియాకి దక్కినది వాళ్ళకి దక్కలేదు. నాకైతే అది అన్యాయం అనే అనిపిస్తుంది.

మా ఆవిడ అంతా విని, “మరి వీళ్ళకి జీతాలు ఎవరిచ్చారండీ?” అంది. ముప్ఫై ఏళ్ళలో ఏ క్లాసులోనూ ఎవరూ నన్ను ఇంత మంచి ప్రశ్న అడగలేదు. 1940 జులై 15న, అంటే వెల్స్ ప్రకటనకి వారం ముందే, అమెరికా బ్యాంకుల్లో ఉన్న బాల్టిక్ దేశాల సొమ్ముని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ స్తంభింపజేశాడు, సోవియట్ వాళ్ళ చేతికి పోకుండా. ఆ డబ్బులోంచే లెగేషన్ల ఖర్చు నడిచింది. 1980 నాటికి లిథువేనియా నిధి అడుగంటితే లాట్వియా లెగేషన్ తన దాంట్లోంచి ఆదుకుంది. మా ఆవిడ కాసేపు ఆగి, “పక్కవాడి దగ్గర ఉన్నా ఇవ్వడం గొప్పే” అంది. మోకాళ్ళ మాట అక్కడితో మర్చిపోయింది.

వరసలో నలభై నిమిషాలు పట్టింది. లోపల పసుపు, ఆకుపచ్చ, ఎరుపు జెండాలు, మెట్లదారి, జనం కిటకిట. నన్ను పట్టి ఆపింది ఆ ఇంటి బాధ్యత మోసినవాళ్ళ వరస. జాదేకిస్ 1957లో చనిపోయేదాకా పదవిలోనే ఉన్నాడు. ఆ తరవాత యూజాస్ కాయెత్స్కాస్ ఇరవై ఏళ్ళు. 1977 నుంచి స్తాసిస్ బాచ్కిస్. 1987 నుంచి స్తాసిస్ లోజొరైటిస్. ఈయన తండ్రి పేరూ అదే. ఆ తండ్రి 1940లో రోమ్‌లో రాయబారి. అక్కడ ఇటలీ ప్రభుత్వం వాళ్ళ లెగేషన్ ‘విల్లా లిటువానియా’ని సోవియట్‌కి అప్పగించింది. ఆ భవనం ఇప్పటికీ రష్యా చేతిలోనే ఉంది. పదహారేళ్ళ వయసులో ఒక ఇల్లు పోవడం చూసిన కుర్రవాడు, అరవై దాటాక ఇంకో ఇంటిని కాపాడుకున్నాడు. 1991 సెప్టెంబరు 2న అమెరికా లిథువేనియాతో సంబంధాలు పునరుద్ధరించినప్పుడు ఈ ఇంట్లో ఉన్నది ఆయనే, తరవాత రాయబారి అయ్యాడు. 1993లో దేశాధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిపోయి, ఆ మరుసటి ఏడు కన్నుమూశాడు. ఆయన గెలవాల్సింది అని నా మనసుకి ఇప్పటికీ ఉంటుంది.

ఇక తిండి. చిన్న కప్పులో గులాబీరంగు చారు ఇచ్చారు. పేరు షల్తిబార్ష్చియై. ఉడికించిన బీట్‌రూట్ తురుము, పులిసిన పాలు, కీరదోస, ఉల్లికాడలు, సోయకూర, పైన ఉడికించిన గుడ్డు ముక్క. చల్లగా తాగాలి, పక్కన వేడి బంగాళాదుంప. శనివారం మా ఆవిడ గుడ్డు ముట్టదు. అక్కడ వడ్డిస్తున్న అమ్మాయికి చెబితే లోపలికి వెళ్ళి గుడ్డు లేకుండా వేరే కప్పు తెచ్చింది. అంత రద్దీలో ఎవరు పట్టించుకుంటారు! నోట్లో పెట్టుకున్నాక మా ఆవిడ, “ఇది మన బీట్‌రూట్ పెరుగుపచ్చడే, తిరగమోత లేదంతే” అంది. ఆ రెండు రోజుల్లో ఆవిడ ఇష్టంగా తిన్నది అదొక్కటే.

ఆ అమ్మాయే మేం ఇండియా అని తెలిసి ఒక సామెత చెప్పింది. దియెవాస్ దావె దంతిస్, దియెవాస్ దుఓస్ దుఓనోస్. దేవుడు దంతాలిచ్చాడు, రొట్టె కూడా దేవుడే ఇస్తాడు. దియెవాస్, దంతిస్ వినగానే అర్థమైపోయాయి నాకు. వాళ్ళకి కొడుకు సూనుస్, నిప్పు ఉగ్నిస్, పొగ దూమాస్. మన పిల్లలు సంస్కృతంలో సూను, అగ్ని, ధూమ అని చదువుకునేవే. మా దగ్గర దీన్నే నారు పోసినవాడు నీరు పోయడా అంటామని ఇంగ్లీషులో విడమరచి చెబితే కాగితం తెచ్చి రాసుకుంది. హోటల్ కౌంటర్లో కుర్రాడిదీ ఈ అమ్మాయిదీ ఇంచుమించు ఒకటే వయసు.

పోలండ్ ముందు వరస వీధి మలుపు దాటింది, వదిలేశాం. ఫ్రాన్స్‌కి వెళ్ళలేకపోయామని అల్లుడు సాయంత్రం దాకా కొంచెం ముభావంగానే ఉన్నాడు.

వెళ్ళేవాళ్ళకి నా మాట: పొద్దున తొమ్మిదిన్నరకే వరసలో ఉండండి. రెండు ఎంబసీలకి మించి పెట్టుకోకండి. పేరున్న పెద్ద దేశాల ముందు నిలబడి ఎండలో రోజంతా పోగొట్టుకోకండి. బస నది అవతల వర్జీనియా వైపు మెట్రో స్టేషన్ దగ్గర చూసుకోండి, కారు తీసుకెళ్ళకండి.

మూడు వారాల తరవాత న్యూయార్క్ వెళ్ళినప్పుడు రాక్‌ఫెల్లర్ సెంటర్ దగ్గర ఆగాం. ఎస్టోనియా కాన్సులేట్ చాలాకాలం అక్కడే ఉండేది. 1965 నుంచి దాని బాధ్యత చూసిన ఎర్న్‌స్ట్ యాక్సన్ ప్రవాసంలో ఉన్న తనవాళ్ళకి, పటంలో లేని దేశం పేరున పాస్‌పోర్టులు ఇస్తూనే వచ్చాడు. 1991లో ఆ దేశం తిరిగి వచ్చాక, 86 ఏళ్ళ వయసులో అమెరికాలో రాయబారి అయ్యాడు. ఆ భవనం కింద నిలబడి ఇదంతా నేను చెబుతుంటే అల్లుడు ఫోన్ జేబులో పెట్టి విన్నాడు.

“ఆ పాస్‌పోర్టు చూపిస్తే ఎయిర్‌పోర్టులో ఒప్పుకునేవాళ్ళా మావయ్యగారూ?” అని అడిగాడు. అమెరికాలో ఒప్పుకునేవాళ్ళని చెప్పాను.