గ్యాస్ నింపించాలా, మంచు కరిగించి చూడాలా, కొత్తది కొనాలా: ఏది మేలు?

ఫ్రిజ్ చల్లబడటం లేదని మెకానిక్‌ని పిలిస్తే, చాలాసార్లు తలుపు తీసి చెయ్యి పెట్టగానే వినిపించే మాట ఒకటే: "గ్యాస్ అయిపోయిందండీ." మా ఇంట్లోనూ అదే జరిగింది. గ్యాస్ నింపారు. రెండు వారాలు బ్రహ్మాండంగా పనిచేసింది, ఆ తర్వాత కథ మళ్లీ మొదటికొచ్చింది. చివరికి తేలిందేమిటంటే గ్యాస్ నిక్షేపంగా ఉంది, పోయింది డీఫ్రాస్ట్ హీటర్, అంటే లోపల పేరుకునే మంచును కరిగించే భాగం. మరి ఆ రెండు వారాలు ఎలా చల్లబడింది? గ్యాస్ పని కోసం ఫ్రిజ్‌ని సగం రోజు ఆపేసి, తలుపులు తీసి ఉంచారు. లోపల గడ్డకట్టిన మంచు అప్పుడు కరిగిపోయింది. చల్లదనం దాని పుణ్యం, డబ్బు మాత్రం గ్యాస్‌కి కట్టాం.

అందుకే ఈ మూడింటిలో ఏది మేలని ఎవరైనా అడిగితే ముందు నేనో ప్రశ్న వేస్తాను. పైన ఫ్రీజర్ గట్టిగా ఉండి కింది అర మాత్రమే వెచ్చబడిందా, లేక రెండూ వెచ్చబడ్డాయా? సగం జవాబు అక్కడే ఉంది.

ఫ్రీజర్ బాగుండి కింద చల్లగా లేదంటే గ్యాస్‌ని తిప్పే మోటారు, అదే కంప్రెసర్, తన పని తాను చేస్తున్నట్టే. డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ మోడళ్లలో చల్లదనం పుట్టేది ఫ్రీజర్ వెనక పలక చాటున ఉన్న కాయిల్ దగ్గర. అక్కడి నుంచి చిన్న ఫ్యాన్ చల్లగాలిని కిందికి తోస్తుంది. కాయిల్ మీద పేరుకునే మంచును కరిగించడానికి రోజులో కొన్నిసార్లు హీటర్ వెలుగుతుంది. హీటర్, సెన్సర్, టైమర్‌లలో ఏది మొరాయించినా మంచు గోడలా పెరిగి గాలి దారి మూసేస్తుంది. ఫ్యాన్ ఆగిపోయినా ఇదే లక్షణం. గాలి వచ్చే రంధ్రాలకు గిన్నెలు అడ్డం పెట్టినా ఇదే, కాబట్టి ముందు అది చూడండి.

ఇక్కడ నా ఓటు మంచు కరిగించడానికే. ప్లగ్ తీసేసి, సామాన్లు వేరే చోటికి మార్చి, తలుపులు తెరిచి, కింద పాత బట్టలు పరిచి 24 గంటలు వదిలేయండి. ఒక రోజు ఇబ్బంది తప్ప ఖర్చు లేదు. పైగా ఇది వైద్యం మాత్రమే కాదు, పరీక్ష కూడా. మళ్లీ ఆన్ చేశాక కొన్నాళ్లు బాగా చల్లబడి, తర్వాత మొరాయిస్తే తప్పు డీఫ్రాస్ట్ భాగాల్లోనో, వదులైన తలుపు రబ్బరులోనో ఉండొచ్చు. తర్వాత కూడా ఏ గొడవా లేకపోతే ఎవరో తలుపు సరిగ్గా వేయకపోయి ఉంటారు. రబ్బరు చూడటానికి ఒక కాగితం తలుపులో ఇరికించి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ గాలి పోతున్నట్టే. సింగిల్ డోర్ డైరెక్ట్ కూల్ ఫ్రిజ్‌లో ఫ్యాన్, హీటర్ ఉండవు గానీ మందంగా పేరుకున్న మంచు అక్కడా చల్లదనాన్ని అడ్డుకుంటుంది. దయచేసి చాకుతో మాత్రం పొడవకండి. ఆ గోడలోనే గ్యాస్ ట్యూబు ఉంటుంది, చిల్లు పడిందంటే లేని గ్యాస్ సమస్యను మనమే తెచ్చుకున్నట్టు.

రెండు అరలూ వెచ్చబడితే లెక్క వేరు. ముందు కంప్రెసర్ చప్పుడు వినండి. కొన్ని నిమిషాలకోసారి టక్‌మని శబ్దం వచ్చి ఆగిపోతుంటే వోల్టేజీ తక్కువై ఉండొచ్చు, లేదా స్టార్టింగ్ రిలే పోయి ఉండొచ్చు. రిలే అంటే కంప్రెసర్‌ని స్టార్ట్ చేసే చిన్న భాగం. అది మార్చి చూడకుండా కంప్రెసరే పోయిందనేస్తే ఒప్పుకోకండి. ఇన్వర్టర్ కంప్రెసర్ అయితే ఈ రిలే ఉండదు, ఎలక్ట్రానిక్ బోర్డు నడుపుతుంది. అది చాలా నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి చప్పుడు వినపడనంత మాత్రాన పాడైందని కాదు. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతున్నా చల్లదనం చాలకపోతే వెనకో కిందో ఉండి వేడిని బయటికి వదిలే కండెన్సర్ కాయిల్ మీద దుమ్ము దులపండి. గోడకు మరీ ఆనించి ఉంటే కాస్త ముందుకు జరపండి. పది నిమిషాల పని.

ఇవన్నీ అయ్యాక మిగిలేది గ్యాస్. ఫ్రిజ్‌లో గ్యాస్ బండిలో పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. కంప్రెసర్ నడుస్తున్నా కాయిల్‌లో ఒక మూల మాత్రమే మంచు పట్టి మిగతాది ఖాళీగా ఉండటం దానికొక గుర్తు. కాబట్టి మెకానిక్‌ని అడగాల్సింది "ఎంతవుతుంది" అని కాదు, "లీకు ఎక్కడ" అని. లీకు మూసి, ఫిల్టర్ మార్చి, గొట్టాల్లోని గాలిని లాగేసి (వాక్యూమ్ చేసి), వెనక స్టిక్కర్ మీద ఉన్నన్ని గ్రాములు తూచి నింపితేనే అది రిపేరు. ఊరికే నింపి వెళ్తే ఆ గ్యాస్ కూడా పాత దారినే పోతుంది. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండే ఆర్600ఎ అంటే ఐసోబ్యూటేన్, మండే గ్యాస్. సొంతంగా ప్రయోగాలు వద్దు.

కొత్తది కొనడం నా దృష్టిలో రెండు సందర్భాల్లోనే మేలు. లీకు ఫోమ్ నింపిన గోడ లోపల ఉంటే దాన్ని పట్టుకోవడమే కష్టం. పదేళ్లు దాటిన ఫ్రిజ్‌లో కంప్రెసర్ పోయి, రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటుతుంటే అదీ దండగే. హీటర్, ఫ్యాన్, రిలే, రబ్బరు లాంటివాటి కోసం ఫ్రిజ్ మార్చేయడం తొందరపాటు.

ఏ దారి పట్టినా లోపలి సామాన్లు ఆగవు. తలుపు తీయకుండా ఉంటే కింది అర దాదాపు 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటల వరకు చల్లదనం నిలుపుకుంటాయి. రిపేరు తర్వాత గ్లాసు నీళ్లలో థర్మామీటర్ వేసి రాత్రంతా మధ్య అరలో ఉంచండి. పొద్దున్నే 4 డిగ్రీలో అంతకన్నా తక్కువో చూపిస్తే టెన్షన్ లేదు. ఫ్రీజర్‌కి మైనస్ 18 ఉండాలి.

మా ఫ్రిజ్‌కి పదకొండేళ్లు. హీటర్ మార్చాక బాగానే నడుస్తోంది, కాగితం మాత్రం కింది మూలలో కాస్త జారుతోంది. ఈసారి రబ్బరు వంతు.