ఉద్యమం అడుగుదామా, పేటకో పంతులమ్మను అడుగుదామా?

గుంటూరులో మా పేట డ్వాక్రా సంఘాల వాళ్లం కలిసి పెద్దల చదువు మీద ఒక అర్జీ తయారు చేస్తున్నాం. కాగితం మీద కలం పెట్టగానే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాం. అసలు ఏం అడగాలి? సగం మంది "సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం పెట్టమందాం, ఏడాదిలో తేలిపోతుంది" అన్నారు. మిగతావాళ్లు "ఉద్యమాలు వచ్చాయి, పోయాయి. జీతం ఇచ్చి పేటకో పంతులమ్మను వెయ్యమందాం" అన్నారు. ఆ పూటకు ఏదీ తేలలేదు. తర్వాత నెల రోజులు నేను రెండు పక్కలా లెక్కలు వేసుకున్నాను. విజయవాడలో ఇదే పని మీద ఉన్నవాళ్లకు కూడా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ముందు మన పరిస్థితి చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో పాత కృష్ణా జిల్లా అక్షరాస్యత 73.74 శాతం, పాత గుంటూరు జిల్లాది 67.40. గుంటూరు జిల్లా ఆడవాళ్లలో అయితే 60 శాతమే. ఆ తర్వాత మెరుగుపడలేదా అంటే పడింది. కానీ కేంద్రం 2023-24లో చేసిన కార్మిక సర్వేలో ఏడేళ్లు పైబడినవారిలో దేశం మొత్తం మీద 80.9 శాతం వస్తే, మన రాష్ట్రం 72.6 దగ్గరే ఉంది. బడి ఈడు పిల్లలు ఇప్పుడు దాదాపు అందరూ బడికి పోతున్నారు కాబట్టి ఈ లోటులో ఎక్కువ భాగం పెద్దవాళ్లదే, అందులోనూ నలభై దాటిన ఆడవాళ్లది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకే. యాభై ఏళ్ల మనిషి "నాకు చదువు చెప్పండి" అని చట్టం చూపించి అడగడానికి దారి లేదు. అందుకే పెద్దల చదువు ఎప్పుడూ పథకం ఉన్నన్నాళ్లు ఉంటుంది, పథకం పోగానే పోతుంది. మనం అర్జీలో వాడే మాట మీద ఇంత పట్టుబట్టడానికి కారణం అదే.

ఉద్యమం వైపు వాళ్ల వాదన నిజంగా బలమైనది. ఎర్నాకుళం జిల్లా 1990 ఫిబ్రవరిలో దేశంలోనే మొదటి సంపూర్ణ అక్షరాస్యత జిల్లా అయింది. మరుసటి ఏడు ఏప్రిల్‌లో కేరళ రాష్ట్రమంతా అయింది. వాలంటీర్లు ఇల్లిల్లూ తిరిగి సాధించారు దాన్ని. మన పక్కనే నెల్లూరు జిల్లాలో ఏం జరిగిందో మన అమ్మలకు బాగా గుర్తు. రాత్రి బడి వాచకంలో సారా మీద ఒక పాఠం ఉంటే, అది చదివిన ఆడవాళ్లు దూబగుంటలో సారా దుకాణం ముందు నిలబడ్డారు. 1992లో అది జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. నాలుగు అక్షరాలు కూడబలుక్కునే ఆడవాళ్లు ప్రభుత్వం చేత అంత పని చేయించారు. ఉద్యమానికి ఉన్న ఇంకో గొప్పదనం సిగ్గు పోగొట్టడం. వీధి వీధంతా పలక పట్టుకుంటే "ఈ వయసులో నాకు చదువేంటి" అనే మాట ఎవరి నోటా రాదు. ఒక్క మనిషి పలక పట్టుకుంటే వీధి అంతా చూస్తుంది.

ఇప్పుడు నడుస్తున్న కేంద్ర పథకం ఉల్లాస్ కూడా వాలంటీర్ల మీదే ఆధారపడింది. 2022 నుంచి 2027 వరకు ఐదేళ్లకు 1,037.90 కోట్లు, లక్ష్యం 5 కోట్ల మంది. భాగిస్తే ఒక్కో మనిషికి ఐదేళ్లకు కలిపి 207 రూపాయలు. మంచి సంగతులూ ఉన్నాయి అందులో. ఫోన్‌లో యాప్ ఉంది, పాఠాలు ఉచితం. 200 గంటల చదువు తర్వాత చదవడం, రాయడం, లెక్కలు, ఒక్కోదానికి 50 చొప్పున 150 మార్కుల పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. ఆ సర్టిఫికెట్ చేతిలో పట్టుకుని ఏడ్చిన మనిషిని నేను చూశాను. దాన్ని తక్కువ చేసి మాట్లాడను.

కానీ ఆ పరీక్షలు మార్చిలో, సెప్టెంబరులో వస్తాయి. మార్చి అంటే గుంటూరులో ఏం కాలమో చెప్పాలా?

మా దగ్గర చదువుకునేవాళ్లలో ఎక్కువమంది మిర్చి తొడిమలు తీసే పనికి పోతారు. ఫిబ్రవరి నుంచి మే దాకా యార్డుకు సరుకు పోటెత్తుతుంది. కూలి కిలోల లెక్కన కాబట్టి ఆ నాలుగు నెలల్లో ఒక్క పూట మానినా ఇంట్లో లోటు కనపడుతుంది. పోయినసారి మా జట్టులో ఒక పెద్దమ్మ ఉండేది. సాయంత్రం పని నుంచి నేరుగా వచ్చి కూర్చునేది. బొటనవేలు, చూపుడువేలు కొసలు ఎర్రగా కమిలిపోయి ఉండేవి. కొబ్బరి నూనె రాసుకుని, చీర కొంగు వేళ్లకు చుట్టుకుని, దాని మీదుగా బలపం పట్టుకునేది. 'ల' గుండ్రం సగంలోకి రాగానే బలపం జారి కింద పడేది. చెమటకు కన్ను నలుపుకోబోతే పక్కనున్నావిడ గబుక్కున చెయ్యి పట్టుకుని ఆపేది. కారం చేత్తో కన్ను ముట్టుకుంటే ఇక రాత్రంతా జాగారమే. "అమ్మాయ్, మే వెళ్లనివ్వు, అప్పుడు రాస్తా" అంది ఒకరోజు. పరీక్ష మార్చిలో అయిపోయింది. రిజిస్టరులో ఆమె పేరు పక్కన గైర్హాజరు అని పడింది. మాకు చెబుతున్న వాలంటీరు పిల్లకు డిగ్రీ పరీక్షలు వచ్చి తనూ వెళ్లిపోయింది. ఆ పిల్లను ఏమనగలం, అప్పటికే ఆరు నెలలు రూపాయి తీసుకోకుండా చెప్పింది.

జులైలో పెద్దమ్మ మళ్లీ వచ్చింది. చెప్పడానికి ఎవరూ లేక నేనే కూర్చున్నాను. 'పని', 'తల', 'గది' లాంటి ఒత్తులు లేని మాటలతో మొదలుపెట్టి నవంబరుకల్లా గుణింతం దాటించాం. కోల్డ్ స్టోరేజీ సరుకు వచ్చిన ఒకరోజు కాటా చీటీ తెచ్చి నా ముందు పెట్టింది. "ఇది ముప్పై ఎనిమిది కదూ? మేస్త్రి ముప్పై ఆరుకే డబ్బులిచ్చాడు." మర్నాడు ఆ రెండు కిలోల డబ్బు అడిగి తెచ్చుకుంది. ఏ లెక్కలోనూ ఆమె అక్షరాస్యురాలు కాదు, పరీక్ష రాయలేదు కాబట్టి. నా దృష్టిలో ఆ ఏడాది మా పేటలో నిజంగా చదువుకున్న మనిషి ఆమే.

ఇక రెండో దారి, జీతమున్న పంతులమ్మ, ఏడాది పొడవునా తెరిచి ఉండే చోటు. ఇది మనం ఎరగనిది కాదు. 2009 సెప్టెంబరు 8న మొదలైన సాక్షర భారత్ అనే వయోజన విద్యా పథకంలో పంచాయతీకో చదువు కేంద్రం, దాన్ని నడిపే ఇద్దరేసి ప్రేరకులు, ఒక్కొక్కరికి నెలకు 2,000 గౌరవవేతనం ఉండేవి. ఆ డబ్బుతో ఇల్లు గడవదు. 2018 మార్చి 31తో పథకమే ఆగిపోయింది. చదువు కేంద్రం ఉన్నంత మాత్రాన చదువు వస్తుందని నేను అనను. బోర్డు వేలాడుతూ తలుపు తాళం వేసి ఉన్న కేంద్రాలు నేనూ చూశాను. సంతకం పెట్టడం నేర్పి, ఆ సంతకాలతోనే హాజరు పట్టీ నింపేసిన చోటు కూడా ఒకటి తెలుసు. మనిషి ఉండి, జీతం సరిగా వచ్చి, ఎవరో ఒకరు అడిగేవాళ్లు ఉంటేనే కేంద్రం నడుస్తుంది.

అయినా ఈ దారే మేలని నేను అనుకోవడానికి పెద్ద కారణం మళ్లీ కేరళే. 1991లో అంతా అయిపోయిందని వాళ్లు దుకాణం కట్టెయ్యలేదు. అక్షరాస్యతా మిషన్‌ను నడుపుతూ, చదువు కొనసాగించే తరగతులు పెడుతూ వచ్చారు. అందుకే 2018లో కార్త్యాయని అమ్మ అనే 96 ఏళ్ల ఆవిడ పరీక్ష రాసి 100కి 98 తెచ్చుకోగలిగింది. సంపూర్ణ అక్షరాస్యత ప్రకటించిన 27 ఏళ్ల తర్వాత కూడా ఆమె కోసం ఒక తలుపు తెరిచి ఉంది. ఉద్యమం వైపు వాళ్లు కేరళ కథలో మొదటి సగమే చెబుతారు.

ఖర్చు సంగతి దాచకుండా చెప్పాలి. పంతులమ్మకు నెలకు 6,000 అనుకుంటే ఏడాదికి 72,000. పలకలు, పుస్తకాలు, కరెంటుకు ఇంకో 8,000. మొత్తం 80,000. రోజుకు రెండు జట్లు, జట్టుకు 20 మంది, పూటకు గంటన్నర చొప్పున జులై నుంచి జనవరి దాకా చెబితే 200 గంటలు దాటుతాయి. ఏడాదికి 40 మంది, తలకు 2,000 రూపాయలు. ఉల్లాస్ లెక్కకు పది రెట్లు దగ్గర దగ్గర. అధికారులు మొదట ఇదే అడుగుతారు. సమాధానం మన దగ్గర ఉండాలి. 207 రూపాయల్లో పంతులమ్మ జీతం లేదు, ఆ పని ఎవరో పిల్లలు ఊరికే చేస్తారని అనుకుని వేసిన లెక్క అది. అందుకే డిగ్రీ పరీక్షలు రాగానే ఆగిపోతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా పంతులమ్మకు జీతం ఎందుకని కూడా అడుగుతారు. ఆ నెలల్లోనే నేర్చుకున్నది మరిచిపోతారు కాబట్టి. వారానికి ఒక్క రాత్రి ఇంటికి వెళ్లి కాటా చీటీ చదివించినా చాలు, జులైలో మళ్లీ 'అ' నుంచి మొదలుపెట్టక్కర్లేదు.

విజయవాడలో గడియారం వేరు. కృష్ణలంకలో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు చదువు చెబుతున్న నా స్నేహితురాలు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్యే వాళ్లు దొరుకుతారని చెబుతుంది. రాత్రి బడి అంటే ఒక్కరూ రారు. తను పాఠం బస్సు బోర్డుతో మొదలుపెట్టింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది కానీ అన్ని బస్సుల్లో కాదు. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ ఈ ఐదింటిలోనే. పండిట్ నెహ్రూ బస్టాండులో చదువు రానివాళ్లు సూపర్ లగ్జరీ ఎక్కి మధ్యలో దిగిపోవాల్సి వస్తే ఎంత అవమానం! "పల్లెవెలుగు" అనే ఒక్క మాటలో ఎత్వం రెండుసార్లు, కొమ్ము రెండుసార్లు, ల ఒత్తు ఒకసారి వస్తాయి. ఆ మాట నేర్చుకున్న రోజే బస్టాండుకు తీసుకెళ్లి ఏ బస్సు మీద ఉందో వెతికించిందట. వాచకం ముందే అచ్చేసి రాష్ట్రమంతా ఒకేలా పంచే ఉద్యమంలో ఇలా పాఠం మార్చుకునే వీలు తక్కువ. ఆ పేటలోనే ఉండే పంతులమ్మకు ఉంటుంది.

చోటు గురించి ఒక్క మాట. కమ్యూనిటీ హాలు పెళ్లిళ్ల సీజన్‌లో దొరకదు, బడి గదుల తాళాలు హెడ్మాస్టరు గారి దగ్గర ఉంటాయి. శాఖా గ్రంథాలయాలు నాకు నచ్చిన చోటు. మనం కట్టే ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంది. ఆ గదిని రెండు గంటలు అడగడం భిక్ష కాదు. పైగా 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారు గ్రంథాలయ మహాసభ పెట్టించిన నేల ఇది. 1935లో మన తెనాలి దగ్గరి పెదపాలెం నుంచి పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవ మీద పెట్టి కాలువ వెంట ఊళ్లకు పంపారు. రెండు వీధుల అవతలకు ఒక పంతులమ్మను పంపమని ఇప్పుడు అడగడానికి మనం మొహమాటపడక్కర్లేదు.

కాబట్టి నా ఓటు పంతులమ్మకే. ఉద్యమాన్ని వదిలెయ్యమనడం లేదు, దాన్ని నెల రోజులకు కుదిద్దాం. జూన్‌లో సంఘాల ద్వారా ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాయించాలి. ఆ సిగ్గు పోగొట్టే పని గుంపుగా చేస్తేనే అవుతుంది. ఉల్లాస్ పాఠాలు, పరీక్ష, సర్టిఫికెట్ అలాగే వాడుకుందాం, అవి ఉచితమే కదా. మార్చి పరీక్షకు పోలేనివాళ్లను సెప్టెంబరుకు కూర్చోబెడదాం. అర్జీలో ముఖ్యంగా అడగాల్సింది మాత్రం కార్పొరేషన్ బడ్జెట్‌లో పంతులమ్మల గౌరవవేతనానికి విడిగా ఒక పద్దు. పద్దు ఉంటే వచ్చే ఏడు "మా పంతులమ్మ ఏది" అని అడగడానికి మనకు ఆధారం ఉంటుంది. పనితీరు లెక్క కూడా మనమే రాసిద్దాం. ఎన్ని సర్టిఫికెట్లు వచ్చాయని కాకుండా, తరగతి ముగిసిన మూడు నెలలకు ఆ మనిషి కాటా చీటీ, డ్వాక్రా పాసుపుస్తకం, బస్సు బోర్డు, మందు బిళ్లల అట్ట మీద గడువు తేదీ చదవగలుగుతోందా అని చూడమందాం.

బడ్జెట్ కౌన్సిల్‌కు వచ్చేది మార్చిలోపు. అందుకని డిసెంబరు దాటనివ్వకూడదు. ముందు సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకుందాం, ఆ నకలు మన డివిజన్ కార్పొరేటర్‌కు, కమిషనర్‌కు ఇద్దాం. విజయవాడ వాళ్లు తమ పేటల్లో ఆడవాళ్లు ఏ నెలల్లో, ఏ గంటల్లో ఖాళీగా ఉంటారో రాసి పంపితే, గుంటూరు పట్టిక పక్కనే అది కూడా పెట్టి ఒకే అర్జీగా రెండు ఊళ్లలో ఇవ్వొచ్చు. మా పట్టికలో ఇప్పటికి పదకొండు సంఘాల వివరాలు ఎక్కాయి. ఇంకా ఆరు సంఘాల నుంచి రావాలి.