టేపర్ రోలర్ కోన్‌సెట్: హ్యాండిల్ వణుకు పోయింది, వెనక ఊపు పోలేదు

నా బైకుతో వచ్చిన గోలీల కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే మెడ దగ్గరి బేరింగులు, తీయించి టేపర్ రోలర్ బేరింగులు (గోలీల బదులు ఒకవైపు సన్నబడే చిన్న రోలర్లు ఉండేవి) వేయించుకున్నాను. ఆ తర్వాత ముందు టైరు అరిగిపోయి కొత్తది కూడా పడింది, కాబట్టి ఇది కొత్త మోజులో రాస్తున్నది కాదు.

నా బండికున్న జబ్బు ఇది. 80లో వెళ్తూ థ్రాటిల్ వదిలేస్తే, వేగం 70 నుంచి 50కి దిగేలోపు హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకునేది. గట్టిగా పట్టుకుంటే తెలిసేది కాదు. పట్టు కాస్త సడలిస్తే చాలు, అద్దాల్లో వెనక బళ్లు చెదిరిపోయి కనిపించేవి. 50 దిగాక ఏమీ ఎరగనట్టు సాఫీగా వెళ్లేది.

సరిగ్గా ఆ వేగంలోనే ఎందుకంటే, ముందు చక్రం, ఫోర్కు, హ్యాండిల్ మొత్తానికీ ఊగడంలో ఒక సొంత లయ ఉంటుంది. చాలా బళ్లలో అది సెకనుకు సుమారు 6 నుంచి 10 ఊపులు. నా ముందు టైరు 100/80-17, చుట్టుకొలత దాదాపు 1.86 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం సెకనుకు 9 చుట్లు తిరుగుతుంది. చక్రంలో ఓ పక్క కొద్దిగా బరువెక్కువైనా, చుట్టుకొక తోపు చొప్పున ఆ లయకే తాళం వేస్తుంది. అందుకే ముందు వీల్ బ్యాలెన్సింగ్ చేయించి, గాలి సరిచూసుకున్నాను. వణుకు తగ్గింది గానీ పోలేదు.

అసలు సంగతి డబుల్ స్టాండ్ వేసి, ముందు చక్రం పైకి లేపి చూస్తే బయటపడింది. హ్యాండిల్‌ను రెండు వేళ్లతో నెమ్మదిగా తిప్పుతుంటే, సరిగ్గా నిటారుగా ఉన్నచోట టక్కున గాడిలో పడినట్టు ఆగింది. బండి ఎక్కువసేపు నేరుగానే పోతుంది కనుక గోలీలు ఎప్పుడూ అవే చోట్ల కూర్చుని ఉంటాయి; రోడ్డు గుంతల దెబ్బలన్నీ అక్కడే పడి రేసులో (గోలీలు దొర్లే ఉక్కు వలయంలో) సొట్టలు చేస్తాయి. విప్పాక కింది రేసు చూశాను: వేలిగోటికి తగిలేంత లోతు గుంటలు, వరసగా, గోలీకొకటి. రోలరు గోలీలా ఒక చుక్క మీద కాకుండా ఒక గీత పొడవునా ఆనుతుంది. బరువు పంచుకోవడం వల్ల ఆ సొట్టలు అంత త్వరగా పడవు.

బిగింపులోనే అంతా ఉంది. కొత్త రేసులు కాస్త తిరిగాక సర్దుకుంటాయి, అప్పుడు మళ్లీ విప్పి బిగువు చూడాలి. నాది మొదటి బిగింపులో ఎక్కువైంది. మామూలు రోడ్డు వేగంలో వణుకు మాయమైందిగానీ, నెమ్మదిగా వెళ్లేటప్పుడు బండి నేరుగా పోకుండా కుడికీ ఎడమకీ దారి వెతుక్కునేది. వణుకు ఆపడానికి కోన్‌సెట్ టైట్ చేసేసి పంపే మెకానిక్‌లు ఉన్నారు. నా దృష్టిలో అది వైద్యం కాదు, జబ్బును కప్పెట్టడం. చక్రం గాల్లో ఉండగా హ్యాండిల్‌ను కొంచెం తోస్తే తన బరువుకే చివరిదాకా వాలిపోవాలి. ఫోర్కు కింది భాగం పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగితే లొడలొడలాడకూడదు. ఈ రెంటి మధ్య కుదిరాక ఆ 70-50 వణుకు పూర్తిగా పోయింది.

కోన్‌సెట్‌తో పోనిది మరొకటుంది. వెనక పెట్టె నిండా సామాను పెట్టి 100 దాటితే బండి మొత్తం నడుము తిప్పినట్టు ఊగేది, సెకనుకు రెండు మూడుసార్లు, నిదానంగా, వెనకనుంచి. ఇది వేరే జాతి. వేగం పెరిగేకొద్దీ పెరుగుతుంది, హ్యాండిల్‌తో దానికి పెద్దగా సంబంధం లేదు. పెట్టె బరువు వెనక ఇరుసుకీ వెనక్కి ఉండి ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది. పెట్టె తీసేస్తే ఊపు సగానికి పైగా తగ్గింది. నడిమధ్య పలకగా అరిగిన వెనక టైరు, లూజైన స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) బుష్‌లు మార్చాక మిగతాదీ పోయింది. కొత్త కోన్‌సెట్ దీనికి వీసమెత్తు కూడా పనికిరాలేదు. స్టీరింగ్ డాంపర్ (హ్యాండిల్ ఊపును అణిచే పరికరం) కొందామనుకునేవాళ్లకూ ఇదే మాట: అది ముందు వణుకును పట్టుకుంటుంది, ఈ వెనక ఊపును మాత్రం కొన్నిసార్లు ఎక్కువే చేస్తుంది. నేను కొనలేదు.

ఊపు మొదలైనప్పుడు బ్రేకు మీద పడొద్దు, హ్యాండిల్‌తో కుస్తీ పట్టొద్దు. మోకాళ్లతో ట్యాంకు పట్టుకుని, ఛాతీ ముందుకు వంచి, థ్రాటిల్ మెల్లగా తగ్గించడమే నాకు పనికొచ్చింది.

కొత్త సెట్‌తో ఫిర్యాదులు రెండు. ఇరుకు చోట తిప్పేటప్పుడు హ్యాండిల్ పాతదానికంటే ఒక పిసరు బరువు. కింది బేరింగుకు నీళ్లూ బురదా సూటిగా తగులుతాయి, సీలు ఉన్నా గ్రీజు తెల్లబడిపోయింది. నేను అనుకున్నదానికంటే ముందే విప్పించి కొత్త గ్రీజు పెట్టించాల్సి వచ్చింది. రేసుల మీద మాత్రం ఇంతవరకూ ఒక్క గుంట కూడా పడలేదు.