పీపీపీ లోన్: గుడి ట్రెజరర్‌గా నా రివ్యూ

2020లో కోవిడ్‌తో గుడి మూతపడి హుండీ రాబడి ఆగినా, న్యూజెర్సీలో మా అర్చకులకు, వంటవాళ్లకు జీతాలు అందాయంటే అమెరికా ప్రభుత్వ పీపీపీ (పేచెక్ ప్రొటెక్షన్ ప్రోగ్రామ్, అంటే కోవిడ్‌లో జీతాలు ఆగకుండా ఇచ్చిన) లోన్ వల్లే. నెల జీతాల ఖర్చుకు రెండున్నర రెట్లు ఇచ్చారు, వడ్డీ 1 శాతం. కనీసం 60 శాతం జీతాలకు, మిగతాది అద్దె, కరెంటు లాంటివాటికి వాడితే మొత్తం మాఫీ చేశారు.

అప్లికేషనే టెన్షన్. మా బ్యాంకువాళ్లు ఫోనే ఎత్తలేదు. ఏప్రిల్ 16కల్లా మొదటి విడత 349 బిలియన్ డాలర్లూ అయిపోయాయి! రెండో విడతలో ఒక చిన్న క్రెడిట్ యూనియన్ (సభ్యుల సహకార బ్యాంకు) ఆదుకుంది. మాది 50 వేల డాలర్ల లోపు లోన్ కాబట్టి 3508ఎస్ అనే చిన్న మాఫీ ఫారంతో పని సులువుగా అయింది.

జీతాల లెక్క మీదే ఇవ్వడం మాత్రం నాకు నచ్చలేదు. వాలంటీర్లతో నడిచే తెలుగు బడులకు హాలు అద్దె ఎవరిచ్చారు?