సదస్సు అతిథికి మన చేనేత: పోచంపల్లి, పుట్టపాక, నారాయణపేట, గద్వాలలో ఏది పనికొస్తుంది, ఏది పనికిరాదు

దేశదేశాల మంత్రులు, కంపెనీల పెద్దలు కూడే సదస్సు అంటే జనవరిలో స్విట్జర్లాండ్‌లోని దావోస్ ఒక్కటే గుర్తొచ్చే రోజులు పోయాయి. 2017 నవంబరు 28 నుంచి 30 దాకా హైదరాబాద్‌లో గ్లోబల్ ఎంట్రప్రెన్యూర్‌షిప్ సమ్మిట్ జరిగింది. 2023 జూన్‌లో జీ-20 వ్యవసాయ మంత్రులు అక్కడే కూర్చున్నారు. 2025 డిసెంబరు 8, 9 తేదీల్లో కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేటలో, భారత్ ఫ్యూచర్ సిటీ పేరు పెట్టిన చోట, తెలంగాణ రైజింగ్ గ్లోబల్ సమ్మిట్ నడిచింది. ఇలాంటి సదస్సు ఏది దగ్గరపడ్డా చేనేత సంఘాలకు ఒకటే రకం ఫోన్ వస్తుంది: "అన్నా, రెండొందల మందికి ఏదన్నా మన చేనేత కావాలె, పదిహేను రోజుల్ల." పదిహేను రోజుల్లో రెండొందలు ఒక్కతీరుగా దొరికాయంటే అవి మగ్గం మీది నుంచి వచ్చినవి కాకపోవచ్చు.

పాత నల్గొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లో భౌగోళిక గుర్తింపు ఉన్న నేతలు నాలుగున్నాయి: పోచంపల్లి ఇక్కత్, పుట్టపాక తేలియా రుమాలు, నారాయణపేట చీర, గద్వాల చీర. చీరగా దేనికదే గొప్ప. సదస్సు కానుకగా చూస్తే మాత్రం లెక్క మారిపోతుంది. పుచ్చుకునేవాళ్లలో ఎక్కువ మందికి చీర కట్టడం రాదు, సగం మంది మగవాళ్లు, అందరూ విమానం ఎక్కాల్సినవాళ్లే, చాలామందికి కానుక విలువ మీద నియమాలు పెట్టిన హద్దు ఉంటుంది. ఈ చివరిది మన దగ్గర ఎవరూ పట్టించుకోరు కాబట్టి ముందు దాని సంగతి.

బ్రిటన్ మంత్రికి 140 పౌండ్లు దాటిన కానుక వస్తే శాఖకు అప్పజెప్పాలి, లేదా తేడా సొమ్ము కట్టి ఉంచుకోవాలి. యూరోపియన్ కమిషనర్లకు హద్దు 150 యూరోలు. అమెరికా అధికారికి విదేశీ ప్రభుత్వం ఇచ్చే కానుకకు 2023 నుంచి 2025 దాకా ఉన్న హద్దు 480 డాలర్లు. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చినా అది విదేశీ ప్రభుత్వం ఇచ్చినట్టే. అదే కానుక ప్రైవేటు కంపెనీ చేతి నుంచి వస్తే మామూలుగా 20 డాలర్ల దగ్గరే ఆగాలి. ఇంకో మెలిక, అమెరికా వాళ్లు విలువ కట్టేది వాళ్ల దేశంలో చిల్లర ధరను బట్టి. పోచంపల్లిలో మీరు కట్టిన బిల్లును బట్టి కాదు. మన మంత్రులకైనా విదేశీయులు ఇచ్చింది 5,000 రూపాయలు దాటితే తోషాఖానాకు, అంటే ప్రభుత్వ కానుకల ఖజానాకు, పోవాల్సిందే. కాబట్టి ఖరీదైన పట్టు డబుల్ ఇక్కత్ ఇచ్చి గొప్ప పని చేశామనుకుంటే, అది ఏదో ప్రభుత్వ బీరువాలో నంబరు చీటీతో పడి ఉంటుంది. భుజం మీద కనబడాలంటే హద్దుకు లోపల ఉన్నదే ఇవ్వాలి.

ఈ లెక్కలో మొదటి మార్కు పోచంపల్లిదే, అయితే అన్ని పోచంపల్లులకూ కాదు. పడుగు (నిలువు) నూలుకు మాత్రమే చిటికి కట్టి, అంటే రంగు అంటకుండా ముడులు వేసి, రంగు అద్దితే ఒక రకం, పేకకు (అడ్డ నూలుకు) మాత్రమే కడితే ఇంకో రకం, రెంటికీ కట్టి మగ్గం మీద గళ్లు కలిపితే డబుల్ ఇక్కత్. సదస్సు కానుకగా చీరకు బదులు ఇచ్చే, భుజాల మీద వేసుకునే స్టోలుకు పడుగు ఇక్కత్ మేలని మా తూకం. పేక ఇక్కత్‌లో నేసేవాళ్లు నమూనా కుదిరేలా ప్రతి పోగునూ అంచు దగ్గర కొద్దిగా లాగి సర్దుతారు, దాంతో అంచున చిన్న చిన్న ఉచ్చులు మిగులుతాయి. చీరలో అవి కుచ్చిళ్లలో దాగిపోతాయి. స్టోలులో ఉంగరానికీ, మెడలో వేలాడే సదస్సు బ్యాడ్జి క్లిప్పుకూ తగులుకుంటాయి. ఉచ్చు కత్తిరిస్తే పోగు జారి నమూనా చెదురుతుంది. పడుగు ఇక్కత్‌కు అంచు శుభ్రంగా వస్తుంది, ఒకే పడుగు మీద వరసగా నేసుకుంటూ పోవచ్చు కాబట్టి యాభై స్టోలులైనా ఒకే పోలికతో దిగుతాయి, ధరా తక్కువ.

పేక ఇక్కత్‌కు ధర ఎందుకు పెరుగుతుందో తెలియాలంటే ఆసు పోయడం చూడాలి. అర్ధచంద్రాకారపు చట్రం మీద మేకుల చుట్టూ నూలును అటూ ఇటూ తిప్పాలి, ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు కదలాలి. ఈ పని ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లదే, భుజాలు పడిపోయేవి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసు యంత్రం చేశాక ఆ బాధ చాలా ఇళ్లలో తీరింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కానుకతో పాటు పెట్టే చీటీలో రాయడానికి ఇంతకంటే మంచి సంగతి దొరకదు. అయినా చీటీల నిండా "వేల ఏళ్ల వారసత్వం" అనే రాస్తారు.

గుడ్డ ఏదన్నది రెండో ప్రశ్న. శుద్ధ పట్టు స్టోలు కోటు మీద నిలవదు, జారుతుంది. శుద్ధ నూలు మడత పెట్టెలో నలిగి, తీసేసరికి పాతబట్టలా కనబడుతుంది. పట్టూ నూలూ కలిసిన సికో రెండిటికీ మధ్య, కోటు మీద నిలుస్తుంది, మడత త్వరగా వదులుతుంది. వెడల్పు 28 అంగుళాలు, పొడవు 80 అంగుళాలు అడగండి. ఇరవై రెండు అంగుళాల వెడల్పువి చవకే కానీ పొడుగు మనిషి భుజం మీద కండువాలా ఉంటాయి. కుచ్చులు ముడి వేయించండి, వదిలేస్తే రెండు వాడకాల్లోనే పేక పోగులు జారిపోతాయి.

నకిలీ సంగతి. ఇక్కత్ నమూనాను డిజిటల్ ప్రింట్ వేసిన పాలిస్టర్ గుడ్డ హైదరాబాద్ కార్పొరేట్ గిఫ్టుల దుకాణాల్లో "పోచంపల్లి స్టైల్" పేరుతో దొరుకుతుంది. ఆ "స్టైల్" అన్న మాట వినగానే పక్కన పెట్టేయండి. తేల్చడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. తిరగేసి చూడండి: నేతలో రెండు వైపులా రంగు ఒకే గాఢత, ప్రింట్‌లో వెనక వెలవెల. నమూనా అంచు చూడండి: చిటికి కట్టిన చోట రంగు కొంచెం లోపలికి పాకి ఈకలు విప్పినట్టు ఉంటుంది, ప్రింట్‌లో గీత గీసినట్టు తెగుతుంది. ఇప్పుడు ప్రింట్లు ఆ మసకను కూడా అచ్చేస్తున్నాయి కాబట్టి ఖాయంగా తేలాలంటే కుచ్చు దగ్గర ఒక్క పడుగు పోగు, గుడ్డ కొస నుంచి ఒక్క పేక పోగు లాగాలి. ఇక్కత్ పోగు పొడవునా తెలుపు, ఎరుపు, నలుపు అని రంగులు మారుతూ పోతుంది, రంగు పోగు లోపలి దాకా ఉంటుంది. పోగును విప్పితే లోపల తెలుపు బయటపడిందంటే పైన అచ్చేసిందే. పట్టో కాదో తెలియడానికి ఆ పోగునే కాల్చండి: వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద వేళ్ల మధ్య పొడైతే పట్టు, కాగితం వాసనైతే నూలో విస్కోసో, కరిగి గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్. దీంతోపాటు చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్, పట్టుకు సిల్క్ మార్క్ చీటీలు అడగండి; చీటీ ఉన్నా పోగు లాగడం మానొద్దు.

రంగు ఊడడమే ఈ కానుకలకు అసలు ముప్పు. ముదురు ఎరుపు, నలుపు, నీలం స్టోలు తెల్ల చొక్కా మీద చెమటతో కలిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. తడిపిన తెల్ల నూలు గుడ్డతో ఒక నిమిషం గట్టిగా రుద్ది చూడండి, లీలగా మరక పడినా ఆ లాటు వద్దు. చాలామంది ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందంటారు, నిలవదు. నూలుకు రియాక్టివ్ రంగు వేసినప్పుడు పట్టని రంగును వేడి సబ్బు నీళ్లలో కడిగేయాలి, తొందరలో ఆ కడుగుడు ఎగ్గొడితేనే ఊడుతుంది. పదిహేను రోజుల ఆర్డర్‌లో మొదట ఎగిరిపోయేది ఈ పనే. యూరప్ అతిథులుంటే ఇంకో ప్రశ్న కూడా అడగాలి: నిషేధిత అజో రంగులు వాడారా? మన దేశంలో 1990లలోనే వాటిని నిషేధించారు, యూరప్‌లో చర్మానికి తగిలే బట్టల్లో వాటి నుంచి వచ్చే హానికర అమైన్లకు కిలోకు 30 మిల్లీగ్రాముల హద్దు ఉంది. రంగు డబ్బా మీది పేరు చూపించమంటే మంచి మాస్టర్ వీవర్ విసుక్కోడు.

పుట్టపాక తేలియా రుమాలుది వేరే లోకం. సంస్థాన్ నారాయణపురం మండలంలోని ఈ ఊరి నేతకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇదే ఊరి గజం గోవర్ధన 2011లో, గజం అంజయ్య 2013లో పద్మశ్రీలు అందుకున్నారు. నూలును ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నూనెలో రోజుల తరబడి నానబెట్టి, పిండి, ఆరబెట్టి, మళ్లీ నానబెడతారు. ఈ ఒక్క పనికే రెండు మూడు వారాలు. ఆ తర్వాతే చిటికి, ఎరుపు, నలుపు. చదరపు రుమాలు దాదాపు 45 అంగుళాలు, డబుల్ ఇక్కత్. ఒకప్పుడు అరబ్బు దేశాలకు తలపాగా గుడ్డగా ఎగుమతైన సరుకు కాబట్టి గల్ఫ్ నుంచి వచ్చే అతిథికి దీనికి మించిన కానుక లేదు, చేతికివ్వగానే పోలిక పడుతుంది.

కానీ దీనికి వాసన ఉంది. నూనె వాసన. నేసినవాళ్లకు అది నాణ్యతకు గుర్తు, పెట్టె తెరిచిన విదేశీయుడికి గుడ్డ పాడైందన్న అనుమానం. నాలుగైదు రోజులు నీడలో గాలికి ఆరేయించి తీసుకోండి, ఎండలో వద్దు. అట్టపెట్టెలో నేరుగా పెడితే నూనె అట్టకు ఎక్కి మచ్చలు పడతాయి, రంగు వేయని తెల్ల నూలు గుడ్డలో చుట్టాలి. అదే పెట్టెలో స్వీట్లో, కాఫీ పొడో పెట్టారా, రెండూ పోయినట్టే. చీటీలో రెండు ముక్కలు రాయండి: వాసన సహజం, ఉతికే కొద్దీ తగ్గుతుంది. జేబు రుమాళ్ల కోసం తేలియాను ముక్కలు కోయించే నిర్వాహకులు కూడా ఉన్నారు. నాలుగు అంచులూ కలిసి ఒక్క నమూనా అయిన గుడ్డను కోస్తే ఏ ముక్కలోనూ నమూనా ఉండదు. జేబు రుమాళ్లే కావాలంటే పోచంపల్లి నూలు ఇక్కత్ మీటర్ల లెక్కన కొని, పదమూడు అంగుళాల చదరాలు కోయించి, అంచు చేత్తో చుట్టి కుట్టించండి. మీటరు ధర వందల్లోనే, 20 డాలర్ల హద్దు ఉన్నవాళ్లకు ఇదే దారి.

టైల జోలికి పోకండి. టైకి గుడ్డను ఏటవాలుగా కోయాలి, ఇక్కత్ గళ్లు పక్కకు ఒరిగి నమూనా వంకరగా కనబడుతుంది, గుడ్డ వృథా కూడా ఎక్కువ.

నారాయణపేట గురించి క్లుప్తంగా: గళ్ల ఒళ్లు, గుడి గోపురాల అంచు, కట్టుకోవడానికి హాయి. చీర కట్టే ఆడ అతిథులకు, ప్రవాస తెలుగువాళ్లకు, శ్రీలంక, బంగ్లాదేశ్ ప్రతినిధులకు చక్కగా సరిపోతుంది, ధర కూడా హద్దుల్లోనే. మిగతావాళ్లకు ఇస్తే మేజా మీద పరిచే గుడ్డ అనుకుంటారు. ఆ పని కోసమే ఇస్తే నిజానికి బాగుంటుంది. చీర కాకుండా అదే గళ్ల గుడ్డను, అదే అంచుతో రెండు మీటర్ల ముక్కగా నేయించుకోవచ్చు.

గద్వాలకు ఈ పనిలో తక్కువ మార్కులు వేయక తప్పదు, అది దాని తప్పు కాదు. నూలు ఒళ్లు, పట్టు అంచు, పట్టు కొంగు, ఈ మూడూ కలిసే కుప్పడం పనితనం చీర మొత్తం విప్పితేనే కనబడుతుంది. స్టోలుగా కుదించి అంచు మాత్రం అతికించినవి వస్తున్నాయి, వాటిలో కుప్పడం జోడింపు ఉండదు, పక్కపక్కన కుట్టేస్తారు. అతికిన చోట వేలితో తడిమితే కుట్టు తెలుస్తుంది. పైగా జరీ. చలిదేశాల ఉన్ని కోటుకు జరీ రాసుకుంటే పోగులు లేస్తాయి, బ్యాడ్జి తాడుకు చిక్కుకుంటుంది. నాఫ్తలీన్ ఉండలు తగిలితే నల్లబడుతుంది. దేశాధినేత స్థాయి అతిథి ఒక్కరికి, ఎలాగూ ప్రభుత్వ ఖజానాకో మ్యూజియానికో పోతుందని తెలిసే ఇచ్చేటప్పుడు, పూర్తి గద్వాల పట్టుచీరో, పట్టు డబుల్ ఇక్కత్ చీరో ఇవ్వండి. అక్కడ ఖరీదుకు అడ్డం లేదు.

ఆర్డర్ ఇచ్చే తీరు. రెండొందల పడుగు ఇక్కత్ స్టోలులకు కనీసం రెండు నెలలు, తేలియా అయితే మూడు. జనవరి దావోస్‌కు దసరాలోపే మాట ఇవ్వాలి; వర్షాకాలంలో తడి గాలికి రంగు నూలు ఆరదు, గుంట మగ్గాల్లోకి నీరు చేరుతుంది, గడువులు జరుగుతాయి. అన్నీ ఒకే రంగు లాటు నుంచి కావాలని కాగితం మీద రాయించండి, లేకపోతే మెరూన్ నాలుగు రకాలుగా వస్తుంది, ఫోటోలో పక్కపక్కన నిలబడినప్పుడు బయటపడుతుంది. పది శాతం ఎక్కువ చేయించండి. కంపెనీ లోగోను గుడ్డ మీద కుట్టించొద్దు, పెట్టె మూతకు చాలు. పెట్టె చెక్కది వద్దు. విమానంలో చేతి సామాను ఏడు కిలోలే అన్న చోట అతిథి పెట్టెను హోటల్ గదిలో వదిలేసి గుడ్డ ఒక్కటే తీసుకుపోతాడు, మడత పాడవుతుంది. స్టోలును మడవకుండా అట్ట గొట్టానికి చుట్టి పెట్టించండి, చీటీ మీద ఊరి పేరు, జిల్లా, గుడ్డ రకం, చల్లటి నీళ్లలో విడిగా ఉతకాలన్న బొమ్మ గుర్తు, అసలు బిల్లు విలువ రాయండి. అమెరికా వాళ్ల లెక్క వేరైనా, మిగతావాళ్ల దగ్గర ఆ విలువ రాయకపోతే ఎక్కువ వేసుకుని హద్దు దాటించేది అవతలి అధికారే.